మధ్యలో ఐదు గంటల నలభై నిమిషాలు

చీల్చు, విడగొట్టు, రెండు చేయు, అని మూడు అర్థాలు రాసేసరికి నిఘంటువు రాసినాయనకు ఓపిక అయిపోయినట్టుంది, స్ప్లిట్ షిఫ్ట్ దగ్గరికొచ్చి, ఒకే రోజు పనిని రెండు భాగాలు చేసి మధ్యలో ఎక్కువ విరామం ఉంచే పద్ధతి, అని ఒక్క ముక్కలో తేల్చేసి కింద ఒక ఉదాహరణ పడేశాడు, ఆమె స్ప్లిట్ షిఫ్ట్ చేస్తుంది, అంతే, ఎవరామె, ఏం పని, మొగుడున్నాడా పిల్లలున్నారా, ఆ ఎక్కువ విరామంలో ఎక్కడ కూర్చుంటుంది, ఏం తింటుంది, కాళ్ళు పీకితే ఎక్కడ చాపుకుంటుంది, ఇవేవీ ఆయనకు పట్టలేదు, నాన్నా నిఘంటువులో అవన్నీ ఉండవు, నువ్వు ముందు అమ్మ డ్యూటీ మార్చమని రాసే ఆ ఉత్తరం కానివ్వు అని నిన్న సాయంత్రం నా కూతురు విసుక్కుంది, పదహారేళ్ళది, ఇంగ్లీషులో నాకంటే వెయ్యి రెట్లు నయం, నేను అన్యాయం అని రాసిన చోటల్లా ఇబ్బంది అని దిద్దింది, నేను మళ్ళీ అన్యాయం అని దిద్దాను, చివరికి ఒప్పందానికొచ్చి ఒకచోట అన్యాయం, రెండుచోట్ల ఇబ్బంది ఉంచాం, ఆ ఉత్తరమే ఇప్పుడు నా చొక్కా జేబులో నాలుగు మడతల మీద ఉంది, ఈ రోజు దుకాణానికి సెలవు, వారమంతా కళ్ళద్దాలు అరగదీసే పని, ఏ మాట విన్నా దాని అంచులు తడిమి చూడకుండా వదలనని దుకాణంలో నన్ను భూతద్దం అంటారు, అననీ, ఇప్పుడు ఈ మాటనే తీసుకుంటే డిపోలో వాళ్ళు వాడే తీరు ఏ నిఘంటువులోనూ లేదు, స్ప్లిట్ పడింది అంటారు, వాన పడింది, పిడుగు పడింది అన్నట్టు, ఎవరో పైనుంచి విసిరితే మన నెత్తిన పడేదన్నమాట, మా ఆవిడా అంతే, ఆరు నెలలకోసారి డ్యూటీలు మారినప్పుడల్లా ఇంటికొచ్చి గుమ్మంలో బూట్ల తాళ్ళు విప్పుకుంటూ, ఈసారీ స్ప్లిటే పడిందండీ అంటుంది, నేను ఎగిరిపడతాను, పంతొమ్మిదేళ్ళుగా సిటీ బస్సు నడుపుతున్న మనిషికి ఇంకా స్ప్లిటేమిటి, నిన్నగాక మొన్న చేరినవాళ్ళు స్ట్రెయిట్ షిఫ్టులో పొద్దున ఎక్కి ఒంటిగంటన్నరకల్లా ఇళ్ళకు పోతుంటే, అని డిపోని తిడతాను, మేనేజరుని తిడతాను, డ్యూటీలు రాసే గుమాస్తాని ముఖం చూడకుండానే తిడతాను, పోనివ్వండి, గోటితో పోయేదానికి మీకు గొడ్డలి కావాలి, అంటూ ఆవిడ వంటింట్లోకి పోతుంది, పొద్దున ఐదూ పదికి బండి తీస్తుంది, తొమ్మిదీ నలభైకి తెచ్చి డిపోలో పెడుతుంది, మళ్ళీ మూడూ ఇరవైకి తీసి ఏడూ యాభైకి దిగుతుంది, మధ్యలో ఐదు గంటల నలభై నిమిషాలు, ఇంటికి రావడానికి లేదు, డిపో గేటు దాటకూడదట, ఏడేళ్ళ కిందట వచ్చిన కొత్త రూలు, ఒక మనిషిని ఐదు గంటల నలభై నిమిషాలు చెక్కబల్ల మీద ఊరికే కూర్చోబెట్టే హక్కు వీళ్ళకెవరిచ్చారు, ఇది ఉత్తరంలో రెండో పేరా, నాకు బాగా నచ్చిన పేరా.

డిపోకి పోయి చూస్తే గుమాస్తా నేననుకున్నట్టు లేడు, తిట్టడానికి వీలుగా లావుగా, మీసాలతో ఉంటాడనుకున్నాను, బక్కపలచటి పెద్దమనిషి, ముక్కు మీద నిలవని కళ్ళజోడు, ఎడమ కాడ మర వదులైంది, నేనెవరో చెప్పగానే లేచి నిలబడ్డాడు, మీరా సార్, రండి కూర్చోండి, మా డిపోలో ఒక్క గీత పడని బండి ఆవిడదే, అన్నాడు, నేను కూర్చోలేదు, కూర్చుంటే కోపం దిగిపోతుంది, ఉత్తరం మడతలు సాపు చేసి కిటికీలోంచి ఇచ్చాను, ఆయన చదువుతున్నంతసేపూ ఆ మర వంకే చూశాను, అర నిమిషం పని, ఒక్క తిప్పు తిప్పితే సరిపోతుంది, ఎవరూ తిప్పుకోరు, ఆవిడకు తెలుసా మీరిది రాసినట్టు, అని అడిగాడు, తెలియదు, ఆమె చెప్పుకునే మనిషి కాదు, అందుకే నేనొచ్చాను, అన్నాను, ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, అయితే మీకు తెలియదన్నమాట అన్నాడు, ఏమిటి తెలియనిది అన్నాను, ఇక్కడ మీ ఆవిడలాంటివాళ్ళకు ఏదీ పడదు సార్, కొత్తవాళ్ళకే పడుతుంది, పాతవాళ్ళు ఏరుకుంటారు, ఆరు నెలలకోసారి డ్యూటీల జాబితా పెడతాం, సర్వీసు ఎక్కువున్నవాళ్ళు ముందు టిక్కు పెట్టుకుంటారు, మిగిలినవి కిందవాళ్ళకు పోతాయి, మీ ఆవిడ ఇప్పుడు జాబితాలో నాలుగో మనిషి, ఏ డ్యూటీ కావాలంటే అది ఆవిడది, ఆయన నన్ను నమ్మించడానికి కాబోలు రిజిస్టరు తీసి నా వైపు తిప్పాడు, పేజీలు వెనక్కి తిప్పుకుంటూ పోయాడు, ఇదిగో మొన్నటి ఆర్నెల్లది, ఇదిగో అంతకుముందుది, స్ప్లిట్ అని రాసిన గడిలో ఒక టిక్కు, పక్కన పొడవాటి తోకతో పొట్టి సంతకం, ఆ తోక నాకు తెలుసు, పిల్ల ప్రోగ్రెస్ కార్డుల మీద ఆ తోక నా సంతకం మీదికొచ్చి పడేది, ఏడేళ్ళు, పద్నాలుగు టిక్కులు, ఒక్కటి కూడా స్ట్రెయిట్ గడిలోకి తప్పిపోలేదు, మరి డిపో గేటు దాటకూడదన్న రూలు, అన్నాను, నా గొంతు నాకే చిన్నగా వినిపించింది, అలాంటి రూలేదీ లేదు సార్, అని ఆయన నాలుక కరుచుకున్నాడు, నేనేమీ చెప్పలేదనుకోండి, అన్నాడు, చెప్పాక అనుకోవడం ఎలాగో ఆయనకే తెలియాలి, తర్వాత ఉత్తరం మీద వేలు పెట్టి, ఇదొక్కటి చెప్పాలి, కుటుంబం ఇబ్బంది అని ఇంట్లోవాళ్ళు కాగితమిస్తే మేం స్ట్రెయిట్ ఇచ్చి తీరాలి, దానికి మాత్రం రూలుంది, అప్పుడు ఆవిడ టిక్కుతో పనిలేదు, పాతవాళ్ళ టిక్కులకు ఈ రోజే ఆఖరు, రెండింటికి జాబితా మూసేస్తాను, ముద్రలు అప్పుడే వేస్తాను, ఇది వెనక్కి తీసుకుంటారా, అన్నాడు, తీసుకుంటాననే అనాలి, ఎవరైనా అదే అంటారు, నేను మాత్రం ఉండనివ్వండి అన్నాను, ఎందుకన్నానంటే ఒళ్ళు మండి అన్నాను, ఆయన ఉత్తరాన్ని ఒక ఇనుప బరువు కింద పెట్టి, ముద్ర పడేదాకా అది మీదే సార్, అన్నాడు.

ఇప్పుడు డిపో చెక్కబల్ల మీద కూర్చున్నాను, ఉత్తరంలో రెండో పేరాలో ఉన్న చెక్కబల్ల ఇదే, మా ఆవిడ ఏడేళ్ళుగా దీని మీద కూర్చోలేదన్నమాట, నేనే కూర్చోబెట్టాను, కాగితం మీద, కోపంగా ఉందా అంటే ఉంది, కానీ కోపం కింద ఇంకేదో కదులుతోంది, వింత అనాలా, ఇరవైరెండేళ్ళ కాపురంలో ఇంత పెద్ద వస్తువు ఇంట్లో ఉంటే నాకు కనపడలేదే అన్న వింత, ఊళ్ళోవాళ్ళందరి కళ్ళకూ అద్దాలు బిగించే మనిషిని, దీపం కిందే చీకటి అంటే ఏమిటో ఇప్పుడు తెలిసింది, ఏడేళ్ళు, మళ్ళీ లెక్కేశాను, ఆమెకు ఏరుకునే వంతు వచ్చి ఏడేళ్ళు, గేటు దాటకూడదన్న రూలు వచ్చీ ఏడేళ్ళు, రెండూ ఒకే ఏడు, అంతకుముందు పన్నెండేళ్ళు నిజంగానే నెత్తిన పడిన స్ప్లిట్, అప్పుడు మధ్యలో ఇంటికొచ్చేది, పదింబావుకల్లా వచ్చేసేది, మా అమ్మ అప్పటికే వాకిట్లో నిలబడి ఉండేది, వచ్చావా తల్లీ, ఎలాగూ ఖాళీయేగా, నా కళ్ళలో చుక్కలు వేసి, కొళాయి బాగుచేసేవాణ్ణి పిలుచుకురా, బడిలో పిల్లదాని ఫారమేదో ఇవ్వాలట, అనేది, అలాగే అత్తయ్యా అనేది మా ఆవిడ, అమ్మ దాన్ని ముక్కల ఉద్యోగమనేది, ఇటో ముక్క అటో ముక్క, నడుమంతా మనదే, అని పక్కింటివాళ్ళతో మురిసిపోయేది, మనదే అనేది, దానిదే అనలేదు, నేను మాత్రం తక్కువ తిన్నానా, పన్నెండేళ్ళు, సరిగ్గా ఒంటిగంటకు నా దుకాణానికి వేడి క్యారేజీ వచ్చేది, మా ఆవిడే తెచ్చేది, నేను తింటుంటే పక్కన స్టూలు మీద కూర్చుని కునికేది, తోటివాళ్ళతో గొప్పగా చెప్పుకునేవాణ్ణి, చూశారా, బస్సు నడిపే మనిషి, అయినా నాకు చల్లారిన ముద్ద తినిపించలేదు అని, ఒకరోజు రూలు మారిందండీ అంది, మర్నాటినుంచి నేనే పొద్దున క్యారేజీ పట్టుకుపోయాను, మధ్యాహ్నానికి చల్లారేది, తిన్నాను, ఏమైంది, ఏమీ కాలేదు, కొళాయి నేనే బాగుచేయించాను, అమ్మ కళ్ళలో చుక్కలు పిల్ల వేసేది, అమ్మ పోయినప్పుడు కూడా ఆ రూలలాగే ఉంది, నేను దాన్ని తిడుతూనే ఉన్నాను, మరి ఏడేళ్ళుగా రోజూ ఐదు గంటల నలభై నిమిషాలు ఈ మనిషి ఎక్కడికి పోతోంది, అనుమానం పెనుభూతం అంటారు, అది నిజమే, అరగంట కిందట లేని మనిషొకడు అప్పుడే నా బుర్రలో పుట్టి, తల దువ్వుకుని, ఏ మలుపులోనో మా ఆవిడ కోసం ఎదురుచూస్తున్నాడు, వాడి ముఖం కనపడటం లేదు గానీ నాకంటే జుట్టు ఎక్కువ.

తొమ్మిదీ నలభైకి ఒక్క నిమిషం ముందు ఆమె బండి గేట్లోకి తిరిగింది, ఇంతటి బస్సుని సందులో సూదిలా తిప్పి గీత మీద ఆపింది, దిగింది, కొళాయి దగ్గర ముఖం కడుక్కుంది, యూనిఫారం మీద బూడిదరంగు స్వెటర్ తొడుక్కుంది, నేను చెత్తకాగితాల పెద్ద డబ్బా వెనక్కి జరిగాను, ఇంట్లో ఆమె నడక తెలుసు, ఎప్పుడూ చేతిలో ఏదో ఉంటుంది, గిన్నో బకెట్టో, అందుకని ఒకవైపు వంగి ఉంటుంది, ఇప్పుడు చేతులు రెండూ ఖాళీగా ఊపుకుంటూ పోతోంది, ఎవరో పిల్లలా, గేటు దాటింది, ఎవరూ ఆపలేదు, వీధి మలుపులో ఎవడూ లేడు, స్టాపులో నిలబడింది, అరగంటకు అరవై ఒకటో నంబరు వచ్చింది, ఎక్కింది, జనంలో పడి వెనక తలుపులోంచి నేనూ ఎక్కాను, పొద్దస్తమానం బస్సు నడిపి దిగి మళ్ళీ బస్సెక్కే మనిషిని ఎక్కడైనా చూశామా, వంటవాడు సెలవు రోజున వేరేవాడి హోటలుకి పోయి తిన్నట్టు, ఆమె ముందు కిటికీ సీటులో కూర్చుంది, నేను రెండు వరసల వెనక, ఎవరో వదిలేసిన పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాను, యాభై రెండేళ్ళవాడిని, పేపరు తలకిందులుగా ఉందని తర్వాత తెలిసింది, ఆమె పక్కన సంచీ ఒళ్ళో పెట్టుకుని ఒక ముసలావిడ కూర్చుంది, డ్యూటీ అయిపోయిందా తల్లీ, అనడిగింది, సగమయిందండీ, మరి ఇంటికా, కాదండీ, ఈ బండి చివరిదాకా, అక్కడేముంది, చుట్టాలున్నారా, ఎవరూ లేరండీ, ఏమీ లేదు, అందుకే వెళ్తాను, అంది మా ఆవిడ, ముసలావిడ నవ్వింది, నేను చెవులు రిక్కించాను, మీ ఆయన ఏమీ అనడా, అంటాడండీ, డిపోని అంటాడు, నన్నొక్క మాటనడు, నా తరఫున ఆయన తిట్టే తిట్లు వింటే మీరు పడిపడి నవ్వుతారు, నేనే కావాలని ఈ డ్యూటీ పెట్టుకుంటున్నానని ఆయనకు తెలియదు, మరి చెప్పరాదూ, చెబుదామనే ఉంటుంది, ఆరు నెలలకోసారి గొంతుదాకా వస్తుంది, చెబితే ఏమంటాడో కూడా తెలుసు, అయ్యో అలాగా అంటాడు, మంచివాడు, ఇంటికొచ్చి హాయిగా పడుకో, పనులు నేను చూసుకుంటానంటాడు, రెండ్రోజులు చూసుకుంటాడు కూడా, మూడోరోజు ఎలాగూ ఇంట్లోనే ఉన్నావుగా అంటాడు, అంది, ముసలావిడ ఆమె మోకాలి మీద చెయ్యేసి తట్టి, రెండు స్టాపుల తర్వాత దిగిపోయింది.

కాదు, నేనలా అనను, అని లోపల గట్టిగా అనుకున్నాను, ఎలాగూ ఇంట్లోనే ఉన్నావుగా, ఈ మాట నేనెప్పుడన్నాను, ఎప్పుడూ అనలేదు, కిందటేడు ఆమెకు జ్వరమొచ్చి నాలుగు రోజులు సెలవు పెట్టినప్పుడు, మూడోరోజు పొద్దున, గుమ్మంలో చెప్పులేసుకుంటూ, గ్యాసువాడొస్తాడు, ఎలాగూ ఇంట్లోనే ఉన్నావుగా, అన్నాను, అన్నాను కదా, సరిగ్గా మూడోరోజే, ఆవిడ నా మాటను నాకంటే ముందే చదివేసింది, నేను భూతద్దం పెట్టుకుని అందరి మాటలూ తడుముతాను, నా నోట్లోది నాకు కనపడదు, ఇంతలో ఆమె తల కిటికీకి ఆనింది, ముసలావిడ దిగి రెండు స్టాపులు కూడా దాటలేదు, నిద్రపోయింది, ఇంట్లో మా ఆవిడది పిల్లినిద్ర, గరిటె కింద పడితే లేస్తుంది, నేను దగ్గితే లేస్తుంది, పిల్ల పక్కకు తిరిగి పడుకుంటే లేస్తుంది, ఇక్కడ బండి గోతుల్లో పడుతోంది, కండక్టరు అరుస్తున్నాడు, ఎవరి సంచీలోంచో గిన్నెలు దొర్లాయి, ఆమె కదల్లేదు, నోరు కాస్త తెరుచుకుని, చేతులు ఒళ్ళో వెల్లకిలా పడేసి, అచ్చం పసిపిల్ల నిద్ర, ఇరవైరెండేళ్ళలో ఈ నిద్ర నేను చూడలేదు, సిగ్గేసింది, వేరే పేరు పెట్టి లాభం లేదు, కండక్టరు టికెట్టు కొడుతూ ఆమె దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గించాడు, నా దగ్గరకొచ్చి ఎక్కడిదాకా అన్నాడు, చివరిదాకా అన్నాను, ఆవిడ మా డిపో అక్కండీ, మెల్లిగా మాట్లాడండి, అన్నాడు నాతో, నేను అప్పటికి నోరే విప్పలేదు.

చివరంటే నిజంగానే చివర, ఇళ్ళు అయిపోయాయి, రోడ్డు కూడా అయిపోయింది, బస్సులు తిరగడానికి ఒక మట్టి గుండ్రం, ఒక రేకుల షెడ్డు, ఒక కొళాయి, చిన్న కల్వర్టు, అవతల గడ్డి, ముక్కాల్‌గంట ఆగి వెనక్కి వెళ్తుందట, అందరూ దిగాలి, నేను వెనకనుంచి దిగి షెడ్డు పక్కకు నక్కాను, అక్కడ ఒక గొంగళిపురుగు నా కాలరు మీద పడింది, తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని దాన్ని దులుపుకున్నాను, ఇప్పుడొస్తాడు, ఆ జుట్టున్నవాడు, వస్తే ఇప్పుడే రావాలి, అని చూశాను, నిజానికి వాడి మీద నాకు నమ్మకం పోయింది, అయినా అంత తేలిగ్గా ఎలా వదిలేస్తాం, ఆమె కల్వర్టు మీద కూర్చుంది, బూట్లు విప్పింది, సాక్సులు విప్పి బూట్లలో కుక్కింది, కాలివేళ్ళు విడదీసి చూసుకుంది, పొద్దున నాలుగింటికి లేచి నాకూ పిల్లకూ తనకూ సర్దిన మూడు డబ్బాల్లో మూడోది తీసింది, నా డబ్బాలో ఉన్నదే అందులోనూ ఉంది, తినడం వేరు, ఇంట్లో మా ఆవిడ నిలబడి తింటుంది, సగం తిని లేస్తుంది, అదేదో పొయ్యి మీదుందంటుంది, ఇక్కడ ముద్దముద్దకూ ఆగి గడ్డి వైపు చూస్తోంది, ఆ గడ్డిలో ఏముందా అని నేనూ చూశాను, గడ్డే ఉంది, తినేసి డబ్బా కడుక్కుని కాళ్ళు ఊపుకుంటూ కూర్చుంది, ఇప్పుడేదో జరుగుతుందని చూశాను, పావుగంట చూశాను, ఏమీ జరగలేదు, ఎవరూ పిలవలేదు, ఆమె ఎవరినీ పిలవలేదు, ఒకసారి చెయ్యెత్తి ముంగురులు వెనక్కి తోసుకుంది, అంతే, నిఘంటువు రాసినాయన విరామం అని ఒక్క మాటలో వదిలేసింది ఇదన్నమాట, నేను రెండో పేరాలో ఊరికే అని ఈసడించిందీ ఇదేనన్నమాట, ఊరికే కూర్చోవడానికి ఒక మనిషి రానూపోనూ రెండున్నర గంటలు బస్సులో పడి రావాల్సొచ్చింది, ఇంట్లో మూడు గదులున్నాయి, ఒక వసారా ఉంది, రెండు కుర్చీలున్నాయి, ఒక్కదాంట్లో కూడా మేమామెను ఊరికే కూర్చోనివ్వలేదు, అప్పుడే గుర్తొచ్చింది, ఇనుప బరువు, దాని కింద నాలుగు మడతల కాగితం, రెండింటికి ముద్ర.

తిరుగు ప్రయాణంలో ఆమె మళ్ళీ నిద్రపోయింది, నాకు మాత్రం ముళ్ళ మీద కూర్చున్నట్టుంది, ఒంటిగంటా నలభైకి డిపో చేరాల్సిన బండి రైలు గేటు దగ్గర ఆగిపోయింది, ఒక గూడ్సు బండి, ఎన్ని పెట్టెలో, లెక్కపెడితే త్వరగా పోతాయేమోనని లెక్కపెట్టాను, యాభై ఎనిమిది, ముద్ర పడితే ఏమవుతుందో ఆ పెట్టెల వెంట ఆలోచించాను, వచ్చేవారం నుంచి స్ట్రెయిట్ షిఫ్ట్, ఒంటిగంటన్నరకు దిగి రెండింటికల్లా ఇంట్లో ఉంటుంది, అక్కణ్ణుంచి రాత్రి పడుకునేదాకా మాదే, అమ్మ అన్నట్టు మనదే, నేను గుమ్మంలో నిలబడి చూశావా, పోరాడి సాధించాను అంటాను, ఆమె చాలా మంచిపని చేశారండీ అంటుంది, తప్పకుండా అంటుంది, ఆ మాట నేను నమ్ముతాను కూడా, ఇక ఆ కల్వర్టు మీద ఎవరూ కూర్చోరు, పోనీ నాకంతా తెలిసిందని చెప్పేస్తే, నాకు తెలుసులే, హాయిగా వెళ్ళిరా అంటే, అది ఇంకా అధ్వాన్నం, అప్పుడది నేనిచ్చిన సెలవు అవుతుంది, నా అంత మంచివాడు లేడన్నట్టు నేను తిరుగుతాను, ఈ రోజు ఎక్కడిదాకా వెళ్ళావు, ఏం చూశావు, అని సాయంత్రం అడుగుతాను, అడగకుండా ఉండలేను, నా సంగతి నాకు తెలుసు, ఆమె రోజూ ఏదో ఒకటి చెప్పాల్సొస్తుంది, గడ్డి చూశానని ఎన్నాళ్ళని చెబుతుంది, గేటు లేచింది, ఒంటిగంటా యాభై, డిపోకి ఒక స్టాపు ముందే దిగిపోయాను, బస్సుతోపాటు దిగితే ఆమెకు దొరికిపోతాను, అందుకని పరుగెత్తాను, ఎన్నేళ్ళయిందో పరుగెత్తి, ఒక చెప్పు ఊడింది, వెనక్కి వెళ్ళి తొడుక్కుని మళ్ళీ పరుగెత్తాను, అడ్డదారిన వర్క్‌షాపు వెనకనుంచి, గుమాస్తా కిటికీ ముందు నిలబడి చెయ్యి చాపాను, ఆయన గడియారం చూశాడు, ఒంటిగంటా యాభై ఆరు, ముద్ర పక్కన పెట్టి, బరువెత్తి, ఉత్తరం నా చేతిలో పెట్టాడు, ఆ కళ్ళజోడు నా దుకాణానికి పట్టుకురండి, ఎడమ కాడ బిగిస్తాను, అన్నాను, ఆయాసంలో నాకు తోచిన కృతజ్ఞత అదే, అలాగే సార్, అవతలికి జరగండి, ఆవిడొస్తోంది, ఎప్పుడూ ఆఖరి రోజున ఆఖర్నే వస్తుంది, అన్నాడు.

పక్క గోడవైపు ఒక చిన్న కిటికీ ఉంది, అద్దం మీద ఏళ్ళనాటి దుమ్ము, మామూలుగా అయితే తుడిచేవాణ్ణి, అందులోంచి చూశాను, ఆమె వచ్చింది, ముఖం మీద కిటికీ ఊచ గుర్తు ఇంకా ఉంది, రిజిస్టరు ఆమె వైపు తిరిగింది, పెన్ను తీసుకుంది, టిక్కు పెట్టేస్తుందనుకున్నాను, పద్నాలుగుసార్లు పెట్టిన మనిషికి పదిహేనోసారి ఎంతసేపు, పెట్టలేదు, పెన్ను కాగితానికి ఆనించకుండా పట్టుకుని నిలబడింది, చూపు ఆ గడి మీదినుంచి ఈ గడి మీదికి, మళ్ళీ ఆ గడి మీదికి, గుమాస్తా గోడ గడియారం వైపు తల తిప్పుకున్నాడు, ఆమె పెదవి కొరుక్కుంటోంది, పిల్ల పెళ్ళిలాంటి పెద్ద సంగతి మాట్లాడుతున్నప్పుడు మాత్రమే అలా కొరుక్కుంటుంది, ఆ ఆగడం ఎందుకో నాకు ఒక్కసారిగా అర్థమైంది, అది నాకోసం, ప్రతి ఆరు నెలలకూ అక్కడ నిలబడి, ఈసారన్నా ఇంటికి పోదామా, ఆయన తిట్టడం మానేస్తాడు, పాపం, అని ఆలోచిస్తుంది, ఏడేళ్ళుగా నా మీద జాలితోనే ఆఖరి నిమిషం దాకా వాయిదా వేస్తోంది, పెట్టు, అన్నాను, పైకి కాదు, పెట్టవే, త్వరగా, రెండు కావస్తోంది, ఆమె పెట్టింది, తోక సంతకం చేసి, పెన్ను మూత పెట్టి, బూట్ల తాళ్ళు బిగించుకోవడానికి వంగింది.

డిపో బయట స్టాపులో నిలబడ్డాను, ఉత్తరం మళ్ళీ జేబులోకి వచ్చింది, ఐదో మడత పడింది, పిల్ల అడుగుతుంది నాన్నా ఇచ్చావా అని, ఇచ్చాను, లాభం లేదన్నారు అనాలి, అన్యాయం అని మూడుచోట్లా ఉంచితే పనయ్యేదేమో అని దెబ్బలాడాలి, ఈలోగా ఇంటికెళ్ళి గ్యాసు, కొళాయి, బట్టలు, ఏమేం ఉన్నాయో చూడాలి, పొద్దున ఆ మూడు డబ్బాలు కూడా, మూడోరోజు కూడా చూడాలి, నాలుగోరోజు కూడా, చెప్పకుండా చూడాలి, చెప్పకుండా చెయ్యడం నాకెలా చేతనవుతుందో చూడాలి, ఎనిమిదింటికి ఆమె వస్తుంది, గుమ్మంలో తాళ్ళు విప్పుకుంటూ తలెత్తకుండా ఈసారీ స్ప్లిటే పడిందండీ అంటుంది, అప్పుడు నేనేమనాలి, పోనీలే అంటే అనుమానమొస్తుంది, మెత్తగా అంటే అంతకంటే అనుమానమొస్తుంది, ఒక్క క్షణం మాట తడబడినా ఆమె కనిపెట్టేస్తుంది, వచ్చే ఆరు నెలలకు ఆ పెన్ను స్ట్రెయిట్ గడిలో దిగుతుంది, అప్పుడు తట్టింది, ఇన్నేళ్ళూ ఇంట్లో ఎవరూ మా ఆవిణ్ణి మధ్యలో ఎక్కడికెళ్తున్నావని అడగలేదంటే, అమ్మ అడగలేదంటే, నేను అడగలేదంటే, చుట్టాలు కూడా పాపం డిపోవాళ్ళెంత దుర్మార్గులు అని సర్దుకుపోయారంటే, అంతా నా అరుపుల వల్లే, నేను డిపోని తిడుతున్నంతసేపూ ఎవరి కన్నూ ఆమె మీద పడలేదు, కాబట్టి ఈ సాయంత్రం కూడా తిట్టాలి, డిపోని, మేనేజరుని, పాపం ఆ బక్క గుమాస్తానీ, ఎప్పటికంటే గట్టిగా, పక్కింటివాళ్ళు తలుపు తీసి చూసేలా తిట్టాలి, ఆ ఐదు గంటల నలభై నిమిషాల చుట్టూ ఏదైనా గోడంటూ ఉందంటే అది నా నోరే.